పొడి చెత్తకు వారంలో ఒక పూట కేటాయించండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. పాత పేపర్లు కొనే ఆయన మొన్న మా ఇంటికి వచ్చి, నేను ఇచ్చిన అట్టపెట్టెల కట్ట విప్పి, అడుగున ఉన్న రెండింటిని పక్కన పెట్టేశాడు. వాటి మీద సాంబారు ఒలికింది. "ఇవి ఎవరూ తీసుకోరమ్మా" అంటూ నా చేతికే తిరిగి ఇచ్చాడు. కాగితమైనా అట్టయినా పొడిగా ఉన్నంతకాలమే సరుకు, కూర మరక పడితే చెత్త. రీసైక్లింగ్ మీద విన్న ఉపన్యాసాలేవీ ఈ సంగతి నాకు ఇంత సూటిగా చెప్పలేదు.

తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త ఇంటి దగ్గరే వేరు కావాలని 2016లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. తర్వాత ఇంటింటికీ మూడు రంగుల బుట్టలూ వచ్చాయి. మా అపార్ట్‌మెంటులో ఒకరు ప్రమాదకరమైన చెత్తకని ఇచ్చిన ఎర్ర బుట్టలో కరివేపాకు మొక్క పెంచుతున్నారు. మొక్క మాత్రం ఏపుగా ఉంది.

వంటింట్లో చేయగలిగింది చాలా ఉంది. పాల ప్యాకెట్టు మూల కత్తిరించి ఆ గోరంత ముక్కను పారేస్తాం. ఏరేవాళ్ల చేతికి అది చిక్కదు. వానకు కొట్టుకుపోయి గెడ్డలో, అంటే వాగులో పడుతుంది, గెడ్డ వెళ్లి సముద్రంలో కలుస్తుంది. మూలను పూర్తిగా తెంపకుండా కొంచెం వదిలేస్తే ముక్క ప్యాకెట్టుతోనే ఉంటుంది. ఖాళీ ప్యాకెట్టును గిన్నెలు కడిగిన చివరి నీళ్లలో జాడించి కిటికీ ఊచకు తగిలిస్తే సాయంత్రానికి ఆరిపోతుంది. అర నిమిషం పని.

మన విశాఖ శివారు కాపులుప్పాడలో చెత్తతో కరెంటు తీస్తున్నారు కదా, ఇంకా ఈ వేరుచేయడం ఎందుకని మా పక్కింటాయన వాదిస్తారు. కూరగాయల తొక్కల్లో, మిగిలిన అన్నంలో సగానికి పైగా నీరే. అది ఆవిరయ్యాకే మంట అంటుకుంటుంది. అలాగని గుట్టలుగా పోస్తే లోపల గాలి ఆడక, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పుడుతుంది. గాజు, అల్యూమినియం ఎటూ కాలవు. పాత అల్యూమినియాన్ని కరిగించి మళ్లీ వాడితే, ఖనిజం నుంచి కొత్తగా తీయడానికి అయ్యే శక్తిలో ఇరవయ్యో వంతు సరిపోతుంది. ఆ ఖనిజం బాక్సైట్. దాని కోసం మన్యం కొండలు తవ్వొద్దని గిరిజనులు ఏళ్ల తరబడి పోరాడింది ఎక్కడో కాదు, ఉమ్మడి విశాఖ జిల్లాలోనే. పండక్కి తాగి పారేసిన కూల్‌డ్రింకు డబ్బా చూసినప్పుడల్లా నాకు ఆ కొండలే గుర్తొస్తాయి.

ఇక నా అసలు ఫిర్యాదు. మేం రెండు బుట్టల్లో వేరు చేసి ఇచ్చిందంతా బండిలో ఒకే తొట్టిలో పడుతోంది. నా కళ్లముందే నీలం బుట్టలోని పేపర్ల మీద పక్కవాళ్ల పులుసు పడింది. బండి అబ్బాయిని అడిగితే "తొట్టి ఒక్కటే ఉందమ్మా, ఏం చేయమంటారు" అన్నాడు. అతన్ని తప్పుపట్టలేను. నగరాల పరిశుభ్రతకు కేంద్రం ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2022లో పది లక్షల జనాభా దాటిన నగరాల వరుసలో నాలుగో స్థానం తెచ్చుకున్న ఊరు మనది. ఈ చిన్న ఏర్పాటు మనకు చేతకాని పని కాదు.

పొడి చెత్త కుళ్లదు, వాసన రాదు. వారం రోజులు ఇంట్లో ఉన్నా ఇబ్బంది లేదు. కాబట్టి తడి చెత్తకు రోజూ ఉదయం వచ్చే బండినే శనివారం మధ్యాహ్నం మరో విడత తిప్పి, ఆ పూట పొడి చెత్త మాత్రమే తీసుకుంటే చాలు. కొత్త బండ్లు కొననక్కర్లేదు. పగిలిన గాజు, వాడేసిన బ్యాటరీలు ఆ రోజే విడిగా ఇస్తే, చేతులతో చెత్త ఏరే కార్మికుల వేళ్లు తెగవు.

ముందు మా ఒక్క వీధిలో నెల రోజులు చేసి చూడమని అధికారులను కోరుతున్నాను. మా మెట్ల మీదున్న ఇళ్లన్నింటికీ తిరిగి చెప్పే పని నాది. ఆ కరివేపాకు మొక్కకు కుండీ కూడా నేనే కొనిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం