వైర్‌లెస్ మౌస్ తడబడితే ముందు రిసీవర్ ఎక్కడుందో చూడండి

సంపాదకులకు నమస్కారం.

పండుగ అమ్మకాల రోజుల్లో గేమింగ్ మౌస్‌ల ప్రకటనలు విరివిగా వస్తుంటాయి. వాటిలో డీపీఐ అంకె (చేతి కదలికను మౌస్ ఎంత సూక్ష్మంగా లెక్కిస్తుందో చెప్పేది), రంగు దీపాలు, తగ్గింపు ధర పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. కొన్న కొద్ది రోజులకే ‘కర్సర్ ఆగిపోతోంది’ అంటూ దుకాణం చుట్టూ తిరిగేవారి అవస్థ గురించి మాత్రం ఎవరూ రాయరు. పాలిటెక్నిక్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ బోధించే నేను ఈ మధ్య మా ఇంట్లోనే ఆ అవస్థ చూశాను. అందులో తెలిసిన సంగతులు తోటి పాఠకులకు చెప్పాలని, తయారీదారుల నుంచి ఒక మార్పు కోరాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. సెలవు రోజుల్లో స్నేహితులతో కలిసి వాలరెంట్ అనే తుపాకీ గురి ఆట ఆడతాడు. వేసవిలో పని చేసి కూడబెట్టుకున్న డబ్బుతో ఒక వైర్‌లెస్ గేమింగ్ మౌస్ కొనుక్కున్నాడు. మొదటి వారం అది చక్కగా పనిచేసింది. తరవాత సరిగ్గా గురిపెట్టే సమయానికి కర్సర్ ఒక్క క్షణం నిలిచిపోయి, మరుక్షణం ఎక్కడికో దూకడం మొదలైంది. దుకాణదారు మారు మాట్లాడకుండా వేరేది ఇచ్చాడు. రెండోదీ అలాగే చేసింది. మళ్లీ వెళితే, ఈ ధరలో ఇంతేనని, ఇంకాస్త ఖరీదైనది తీసుకొమ్మని సలహా ఇచ్చాడు. అప్పుడు గానీ నేను బల్ల కిందికి వంగి సీపీయూ వెనక ఏముందో చూడలేదు. మౌస్ పంపే సంకేతాలను అందుకునే చిన్న ముక్క, అంటే రిసీవర్, నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో ఉంది. దాని పక్క పోర్టులోనే మేము ఆ మధ్య తెచ్చిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తీగ ఉంది. హార్డ్ డిస్క్ తీగ పీకగానే కర్సర్ ఎక్కడా తట్టుకోకుండా సాగింది, పెట్టి ఫైళ్లు కాపీ చేయడం మొదలుపెట్టగానే మళ్లీ తడబడింది. ఐదారుసార్లు తీసి పెట్టి చూశాం, ప్రతిసారీ అదే ఫలితం.

దీనికి కారణం చాలాకాలంగా తెలిసినదే. ఇంటెల్ సంస్థ 2012లోనే దీని మీద ఒక సాంకేతిక పత్రం వెలువరించింది. యూఎస్‌బీ 3.0 సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో సంకేతాలు పంపుతుంది. అంత వేగంగా మారే సంకేతం తీగలో, కనెక్టర్‌లో, పరికరంలో ప్రవహించేటప్పుడు చుట్టూ రేడియో రొద పుడుతుంది. ఆ రొద విస్తృతంగా పరుచుకుని, వైర్‌లెస్ మౌస్‌లు వాడుకునే 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతాన్ని కూడా కమ్మేస్తుంది. యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ తగిలించినప్పుడు ఆ ప్రాంతంలో రొద దాదాపు 20 డెసిబెల్స్ పెరిగిందని ఆ పత్రం నమోదు చేసింది. డెసిబెల్ లెక్క పరిచయం లేని పాఠకులకు చెప్పాలంటే, శక్తి పరంగా అది 100 రెట్లు. పెళ్లి మండపంలో మేళం మోగుతుండగా దాని పక్కనే నిలబడి ఫోన్‌లో అవతలివారి మాట వినడానికి ప్రయత్నిస్తే ఎలా ఉంటుందో, ఆ పోర్టు పక్కన ఉన్న రిసీవర్ పరిస్థితి అలా ఉంటుంది. మౌస్ తన మాట తాను చెబుతూనే ఉంది, వినవలసిన చోట వినబడడం లేదు. దుకాణదారు ఎన్ని మౌస్‌లు మార్చి ఇచ్చినా ఫలితం ఉండకపోవడానికి కారణం ఇదే.

పరిహారం కూడా అంతే సులువైనది. మీటరు పొడవున్న మామూలు యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్ తీసుకుని, రిసీవర్‌ను సీపీయూ వెనక నుంచి బల్ల మీదికి, మౌస్‌కు జానెడు దూరంలోకి తెచ్చి పెట్టడమే. మౌస్ పంపే సమాచారం చాలా తక్కువ కాబట్టి యూఎస్‌బీ 2.0 కేబుల్ వల్ల వేగం ఏమీ తగ్గదు. దీనివల్ల రెండు మేళ్లు ఒకేసారి జరుగుతాయి. రిసీవర్ రొద పుట్టే చోటుకు దూరమవుతుంది. అంతవరకు సీపీయూ ఇనుప డబ్బా చాటున, కూర్చున్నవారి కాళ్ల అవతల ఉన్నది మౌస్‌కు ఎదురుగా వస్తుంది. మన దేశంలో దొరికే లాజిటెక్ జీ304 వంటి మౌస్‌తో కంపెనీవారే ఇలాంటి కేబుల్ ఒకటి పెట్టెలో ఇస్తారు. కొన్నవారిలో చాలామంది దాన్ని బయటికైనా తీయరు. అది ఎందుకు ఇచ్చారో పెట్టె మీద ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే తీసేవారని నా నమ్మకం.

హార్డ్ డిస్క్ లేని ఇళ్లలోనూ ఈ బాధ ఉంటుంది. అక్కడ ముందు చూడవలసింది వైఫై రూటర్‌ను. 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న బ్యాండ్‌ను మన దేశంలో 2005 నుంచి తక్కువ శక్తి పరికరాలు లైసెన్సు లేకుండా వాడుకుంటున్నాయి. ఎవరైనా వాడుకోవచ్చు కాబట్టే అందరూ అక్కడే ఉన్నారు. వైఫై, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, వైర్‌లెస్ కీబోర్డు, మౌస్ అన్నీ ఆ ఇరుకులోనే మాట్లాడుకుంటాయి. మైక్రోవేవ్ ఓవెన్ నుంచి బయటపడే కాస్త శక్తి కూడా అక్కడే ఉంటుంది. అపార్ట్‌మెంట్లలో పగలు బాగున్న మౌస్ రాత్రి ఎనిమిది దాటాక మొరాయిస్తే, పై అంతస్తు, కింది అంతస్తు, పక్క ఫ్లాటువాళ్లు ఇళ్లకు చేరి వీడియోలు చూస్తున్న సమయం అదేనని గుర్తుంచుకోవాలి. పొరుగువారి రూటర్‌ను మనం ఏమీ చేయలేం. మన రూటర్‌ను మాత్రం కంప్యూటర్ బల్ల మీద నుంచి తీసి కొన్ని అడుగుల దూరంలో పెట్టవచ్చు. కంప్యూటర్‌ను, ఫోన్లను 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చి 2.4ను మౌస్‌కు కాస్త ఖాళీ చేయవచ్చు. మా ఇంట్లో రూటర్ రిసీవర్‌కు మూరెడు దూరంలో ఉండేది. దాన్ని అలమర మీదికి మార్చాం.

లాప్‌టాప్ వాడేవారికి ఇంకొక సంగతి చెప్పాలి. చాలా లాప్‌టాప్‌లలో వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే కార్డు మీద ఉంటాయి. 2.4 వైఫైలో పెద్ద ఫైలు దిగుతున్నప్పుడు బ్లూటూత్ మౌస్ తడబడడానికి అదొక కారణం. అసలు ఆటలకు బ్లూటూత్ తగినది కాదని నా అభిప్రాయం. అది బ్యాటరీని పొదుపుగా వాడుతుంది, ప్రయాణాల్లో రిసీవర్ మోసే పని ఉండదు, కార్యాలయం పనికి చాలా బాగుంటుంది. కానీ సాధారణంగా సెకనుకు 125 సార్ల దగ్గరే మౌస్ స్థానాన్ని చెబుతుంది. రిసీవర్, బ్లూటూత్ రెండూ ఉన్న మౌస్‌లలో అడుగున ఒక చిన్న మీట ఉంటుంది. అది బ్లూటూత్ వైపు ఉండిపోయిందని తెలియక నెలల తరబడి ఆడి, మౌస్ బాగాలేదని నా దగ్గరికి వచ్చిన విద్యార్థులు ఉన్నారు.

లోపం రేడియోదా, మౌస్‌దా అని తేల్చుకోవడానికి ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఉంది. చార్జింగ్ తీగ ద్వారా కూడా పనిచేసే మౌస్ అయితే, తీగ తగిలించి అదే ఆట ఆడి చూడాలి. తడబాటు పోతే అది రేడియో సమస్య, రిసీవర్ చోటు మారిస్తే సర్దుకుంటుంది. తీగ మీద కూడా తడబడితే మౌస్ అడుగున కదలికను చదివే సెన్సర్‌ను, ప్యాడ్‌ను, కంప్యూటర్‌ను చూడాలి. అద్దం బల్ల మీద చాలా సెన్సర్లు దారి తప్పుతాయి. కర్సర్ బాగానే నడుస్తూ ఒక్కసారి నొక్కితే రెండు క్లిక్కులు పడుతుంటే మాత్రం అది లోపలి స్విచ్ అరుగుదల. రిసీవర్‌ను ఎక్కడ పెట్టినా అది మారదు, వారంటీ ఉంటే వెంటనే మార్పించుకోవాలి. మౌస్‌ను కాసేపు వదిలేసి మళ్లీ ముట్టుకున్నప్పుడు మాత్రమే ఆలస్యమైతే, విండోస్‌లో యూఎస్‌బీ పోర్టుకు విద్యుత్ పొదుపు చేసే అమరిక ఉంటుంది, దాన్ని ఆపి చూడాలి. బ్యాటరీ సంగతి అందరికీ తెలిసినదే.

ఇక కొనేముందు ఏం చూడాలన్న ప్రశ్న. పెట్టె మీద అన్నిటికంటే పెద్దగా కనిపించే డీపీఐ అంకెను నేను చివరన చూడమంటాను. 800 డీపీఐ అంటే మౌస్‌ను ఒక అంగుళం జరిపితే 800 లెక్కలు వస్తాయని అర్థం; లెక్కకు ఒక పిక్సెల్ చొప్పున, 1920 పిక్సెళ్ల వెడల్పున్న తెరను దాటడానికి 2.4 అంగుళాలు జరపాలి. 16000 డీపీఐ అయితే అదే తెరను దాటడానికి 3 మిల్లీమీటర్లు చాలు. మూడు మిల్లీమీటర్లలో తెర ఈ చివర నుంచి ఆ చివరకు పోయే కర్సర్‌తో ఎవరు గురిపెట్టగలరు? బాగా ఆడేవారిలో అత్యధికులు 400 నుంచి 1600 మధ్యనే పెట్టుకుంటారు. పేరున్న సెన్సర్ ఏదైనా ఆ పరిధిలో చక్కగానే పనిచేస్తుంది.

చూడవలసిన అంకె పోలింగ్ రేటు. మౌస్ తన స్థానాన్ని కంప్యూటర్‌కు సెకనుకు ఎన్నిసార్లు చెబుతుందో అది తెలుపుతుంది. 125 హెర్ట్జ్ అయితే 8 మిల్లీ సెకన్లకు ఒకసారి, 1000 హెర్ట్జ్ అయితే ఒక మిల్లీ సెకనుకు ఒకసారి. ఇప్పుడు మధ్యతరగతి ఇళ్లలోకి కూడా వస్తున్న 144 హెర్ట్జ్ మానిటర్ దాదాపు 7 మిల్లీ సెకన్లకు ఒకసారి బొమ్మ మారుస్తుంది. దాని ముందు 125 హెర్ట్జ్ మౌస్ పెడితే కొన్ని బొమ్మలకు కొత్త సమాచారమే అందదు, కదలిక గతుకుల్లో పడ్డట్టుంటుంది. ‘గేమింగ్’ అన్న మాటా, రంగు దీపాలూ ఉండి లోపల 125 హెర్ట్జే ఉన్న చవక వైర్‌లెస్ మౌస్‌లను నేను స్వయంగా పరీక్షించి చూశాను. వాటి పెట్టెల మీద డీపీఐ నాలుగు వైపులా ఉంది, పోలింగ్ రేటు ఒక్క వైపు కూడా లేదు. నన్ను బాధపెట్టేది ఇదే. 8000 హెర్ట్జ్ అని రాసి ఎక్కువ ధర అడిగేవి కూడా వస్తున్నాయి. అవి బ్యాటరీని త్వరగా తినేస్తాయి, ప్రాసెసర్ మీద భారం వేస్తాయి. కళాశాల విద్యార్థికి 1000 హెర్ట్జ్ ధారాళంగా సరిపోతుంది.

ఆ తరవాత చూడవలసింది చేతి పట్టు. అరచేయి మొత్తం మౌస్ మీద ఆనించేవారికి వీపు ఎత్తుగా ఉన్నది కావాలి, వేళ్ల కొసలతో నడిపేవారికి చిన్నది, తేలికైనది కావాలి. 60 గ్రాముల మౌస్‌కు, 100 గ్రాముల మౌస్‌కు తేడా గంటసేపు ఆడితే మణికట్టుకు తెలుస్తుంది. అందుకే కొనడం ఆన్‌లైన్‌లో అయినా, వీలైతే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట ముందు చేత్తో పట్టుకుని చూడమని మా విద్యార్థులకు చెబుతాను. కంప్యూటర్ బల్ల దగ్గర నుంచి కదలని ఇంట్లో, చేతిలో డబ్బు తక్కువగా ఉంటే, వైర్ ఉన్న మంచి మౌస్ కొనుక్కోవడంలో చిన్నతనమేమీ లేదు. అదే నాణ్యత వైర్‌లెస్ కంటే చాలా తక్కువ ధరకు వస్తుంది, ఈ ఉత్తరంలో నేను రాసిన రేడియో బాధలు ఒక్కటీ ఉండవు.

ఇప్పుడు నా విన్నపం. 2011 నాటి ప్యాకేజీ వస్తువుల తూనికలు కొలతల నిబంధనల ప్రకారం మౌస్ పెట్టె మీద దిగుమతిదారు చిరునామా, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు చేయవలసిన వివరాలు ఉండాలి. ఏసీలు, ఫ్రిజ్‌ల మీద విద్యుత్ పొదుపు నక్షత్రాలు ఉండాలని కూడా ప్రభుత్వమే నిర్ణయించింది. అలాంటప్పుడు వైర్‌లెస్ మౌస్ పెట్టె మీద పోలింగ్ రేటు ఎంత, ఆ రేటు 2.4 రిసీవర్‌తో వచ్చేదా బ్లూటూత్‌తో వచ్చేదా, రిసీవర్ పోతే విడిగా దొరుకుతుందా అన్న మూడు వివరాలు, రిసీవర్‌ను యూఎస్‌బీ 3.0 పోర్టులకు దూరంగా పెట్టమన్న సూచన తప్పనిసరి చేయాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖను కోరుతున్నాను. చవక మౌస్‌లు చాలావాటికి రిసీవర్ పోతే మౌస్ కూడా పోయినట్టే. హాస్టల్ గదుల్లో ఆ చిన్న ముక్క పోవడం ఎంత తేలికో విద్యార్థులందరికీ తెలుసు. పెట్టె మీద రాసింది ఒకటి, లోపల ఉన్నది మరొకటి అయినప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చని కూడా పాఠకులకు గుర్తుచేస్తున్నాను.

దుకాణదారులకు కూడా ఒక మాట. మౌస్ తిరిగి తెచ్చినవారిని, రిసీవర్ ఏ పోర్టులో ఉంది, పక్కన ఏముంది అని ముందుగా అడగండి. కౌంటర్ దగ్గర ఒక ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఉంచి, రెండు రోజులు వాడి చూడమని ఇవ్వండి. సంగతి తెలిశాక మా అబ్బాయి ఆ దుకాణానికి వెళ్లి, మొదట తిరిగి ఇచ్చిన మౌస్ బాగానే ఉందని చెప్పాడు. అప్పటికే దాన్ని లోపమున్న సరుకుగా రాసి కంపెనీకి పంపేశారు.

భవదీయుడు,
పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు,
హనుమకొండ.