ధర పక్కనే బట్ట వివరమూ తెలుగులో రాయాలి

సంపాదకుల వారికి నమస్కారం.

జూడియోలో తీసుకుందామా, మ్యాక్స్‌కి వెళ్దామా, ట్రెండ్స్‌లో చూద్దామా అన్న మాట ఇప్పుడు గోదావరి జిల్లాల్లో కాలేజీ పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ వినిపిస్తోంది. పాలకొల్లులో దర్జీగా నాకు ఈ బ్రాండ్లన్నీ లోపలి వైపు నుంచి పరిచయం. పొడవు తగ్గించమనీ, నడుం బిగించమనీ చివరికి అవన్నీ నా మిషను మీదికే వస్తాయి.

బ్రాండు పేరును బట్టి బట్టను అంచనా వేయలేం. ఒకే దుకాణంలో ఒకే హ్యాంగరు వరుసలో ఒక టీషర్టు పూర్తి కాటన్ ఉంటుంది, దాని పక్కదాంట్లో సగానికి పైగా పాలిస్టర్ ఉంటుంది. లీవైస్ వాళ్లే పూర్తి కాటన్ జీన్సూ అమ్ముతారు, ఎలాస్టేన్ అనే సాగే పీచు కలిపిన స్ట్రెచ్ జీన్సూ అమ్ముతారు. మన మే నెల ఉక్కపోతలో బస్సులో నిలబడి కాలేజీకి వెళ్లే పిల్లకి ఈ తేడా చిన్నది కాదు. పాలిస్టర్ చెమట పీల్చదు, ఒంటికి అంటుకుపోతుంది.

మొన్న ఓ కుర్రాడు తెచ్చిన టీషర్టు పక్క కుట్టు నాలుగు ఉతుకులకే బొడ్డు దగ్గరికి తిరిగిపోయింది. సరిచేయమన్నాడు. విప్పి కుట్టినా లాభం లేదని చెప్పి పంపాను. నూలులోని మెలి ఉతికాక బయటపడితే బట్టే తిరుగుతుంది, దానికి కుట్టు ఏం చేస్తుంది?

రాజమండ్రి తాడితోటలో తాను బట్ట కొనే రోజుల్లో పెద్దవాళ్లు అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగించి చూసేవారు. కాటన్ అయితే కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి ఉండ కడుతుంది. రెడీమేడ్‌కి ఆ పరీక్ష చేయలేం. మింత్రా వారి రోడ్‌స్టర్ బ్రాండు బట్టలు ఫోనులో కొంటే తాకి చూడలేకపోయినా, ఏ పీచు ఎంత శాతమో అక్కడ చదువుకోవచ్చు. టాటాల ట్రెంట్ సంస్థ 2016లో మొదలుపెట్టిన జూడియో ఆన్‌లైన్‌లో అమ్మదు, అక్కడ తాకి చూడొచ్చు. కానీ ఏ దుకాణంలోనైనా పీచు వివరం పక్క కుట్టు లోపల, ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ధర మాత్రం గుమ్మంలోంచే కనిపిస్తుంది.

ధరల లెక్కా మారింది. ఇదివరకు 1000 రూపాయలు దాటిన దుస్తులకు జీఎస్టీ 12 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి 2500 వరకూ 5 శాతమే, ఆపైన 18. కాబట్టి 600కి చవక చొక్కా, 1200కి మంచి కాటన్ చొక్కా పక్కపక్కన పెట్టి చూసే పిల్లలకు రెండోది ఇదివరకటంత భారం కాదు. అది కాటనేనని తెలియాలి, అంతే.

బ్రాండ్ల యాజమాన్యాలను నేను కోరేది ఒకటే. ధర బోర్డు పక్కనే పీచు శాతాలూ, ఉతికే పద్ధతీ పెద్ద తెలుగు అక్షరాల్లో పెట్టండి. ఇందుకు చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. తూనికలు, కొలతల శాఖ అధికారులు కూడా మన జిల్లాల దుకాణదారులను పిలిచి ఈ మాట చెప్పాలి. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బోర్డు పెట్టే చిన్న దుకాణాల వారికీ ఒక మాట: 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, బిల్లులో గడువు రాయకపోతే లోపమున్న సరుకును 30 రోజుల లోపు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వాల్సిందే. కాదంటే పిల్లలు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయాలి, బిల్లు దాచుకోవాలి.

— ఒక దర్జీ, పాలకొల్లు