ఫిట్‌నెస్ టెస్టు రేపనగా కాదు, నెల ముందే బండి చూసుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆటో పేజీలో ఎప్పుడూ కొత్త మోడళ్ల గురించే వస్తుంది, మైలేజీ ఎంత, స్క్రీన్ ఎంత పెద్దది అని, బానే ఉంటుంది గానీ రోడ్డు మీద తిరిగేవి ఎక్కువ పాత కార్లే కదండీ, వాటికి చేయించే ఫిట్‌నెస్ టెస్టు గురించి మాత్రం ఒక్క ముక్క కనపడదు.

చాలామంది టెస్టు రేపనగా బండి కడిగించి పేపర్లు సర్దుకుని వెళ్లిపోతారు. కడగడం మంచిదే, కింద బురద పట్టి ఉంటే చూసేవాళ్లకి ఏమీ కనపడదు. కానీ ఫెయిలయ్యేది ఎక్కువగా చిన్నచిన్న వాటికే. నంబర్ ప్లేట్ మీద పడే లైటు ఉంటుంది చూడండి, డ్రైవర్ సీట్లో కూర్చున్నవాళ్లకి అది ఆరిపోయిన సంగతే తెలీదు. చీకటి పడ్డాక బండి వెనక భాగం గోడ వైపు పెట్టి బ్రేక్ తొక్కితే ఎర్ర వెలుగు రెండు పక్కలా సమానంగా పడుతుందో లేదో అద్దంలోంచే తెలిసిపోతుంది, ఎవరి సాయం అక్కర్లేదు.

టైర్లు పైనుంచి చూసి బాగున్నాయి అనుకోకండి. స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పి లోపలి అంచు చూడాలి, చక్రాల అలైన్‌మెంట్ పోయిన బండికి అరుగుదల చాలాసార్లు అక్కడే ఉంటుంది. గాడుల మధ్యలో అడ్డంగా చిన్న రబ్బరు దిమ్మలు ఉంటాయి, టైరు వాటి మట్టానికి అరిగిందంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చేసినట్టే, చాలా దేశాల్లో అదే చివరి హద్దు. టైరు పక్కగోడ మీద అచ్చేసిన కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి, 2317 అని ఉంటే 2017లో 23వ వారం తయారైందని. గాడి ఎంత లోతున్నా పక్కగోడలు పగుళ్లిచ్చిన టైరుని నమ్మకూడదు.

బ్రేక్ ఆయిల్ సంగతి ఎవరూ పట్టించుకోరు, అది గాల్లో తేమని పీల్చుకుంటుందండీ. డాట్ 4 రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక అదే 155 దగ్గరికి దిగిపోవచ్చు, పొడుగాటి దిగుడు రోడ్డులో బ్రేకులు వేడెక్కినప్పుడు పెడల్ మెత్తగా లోపలికి పోయేది అందుకే. చాలా బండ్లకి రెండేళ్లకోసారి మార్చమని చెప్తారు. ఇంకోటి, టెస్టులో రోలర్ల మీద ఎడమ చక్రం ఎంత పట్టింది కుడి చక్రం ఎంత పట్టింది అని విడివిడిగా చూస్తారు, కాబట్టి బ్రేక్ వేస్తే బండి ఒక పక్కకి లాగుతుంటే ముందే చూపించుకోండి.

నాకు బాగా బాధ కలిగించేది డాష్‌బోర్డు మీద ఇంజిన్‌లో లోపముందని చెప్పే ఇంజిన్ లైటు విషయం. లైటు వెలుగుతుంటే స్కానర్ పెట్టి ఆ లోపం కోడ్ చెరిపేసి అదే రోజు టెస్టుకి పంపిస్తుంటారు. కోడ్ చెరిపితే జబ్బు పోదు, పైగా బండి తనంతట తాను చేసుకునే పరీక్షల రికార్డు కూడా చెరిగిపోతుంది, ఆ రికార్డు చూసే చోట అయితే వెనక్కి పంపేస్తారు. రిపేర్ చేయించి, కొన్ని రోజులు ఊళ్లోనూ హైవే మీదా నడిపి అప్పుడు వెళ్లాలి. పొగ టెస్టుకి ఇంజిన్ వేడిగా ఉండగానే వెళ్లండి, సైలెన్సర్ లైన్లో ఉండి పొగని శుభ్రం చేసే కన్వర్టర్ వేడెక్కితే గానీ పని చెయ్యదు. డీజిల్ బండైతే టెస్టులో ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతారు, ఇంజిన్ లోపలి భాగాల్ని ఒకదానికొకటి సరిపోయేలా తిప్పే టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్ అయితే దాని గడువు దాటలేదని చూసుకున్నాకే పంపండి, అక్కడ తెగితే ఇంజినే పోవచ్చు.

వైపర్ రబ్బర్లు, హారన్, డ్రైవర్ కళ్లెదుట అద్దంలో పగులు, ఇవన్నీ చూసుకోవడం పది నిమిషాల పని. సీటు బెల్టు మాత్రం చివరిదాకా లాగి చూడండి, కోత ఉంటే లోపల చుట్టుకున్న భాగంలో దాక్కుని ఉంటుంది.

టెస్టు రోజుకి మంచి టైర్లు అరువు తెచ్చి బిగించి మర్నాడే తీసేసేవాళ్లున్నారు, ఇది మాత్రం తప్పండి, ఆ బండిలో వాళ్ల పిల్లలే కూర్చుంటారు, ఎదురుగా మన పిల్లలొస్తారు.

దయచేసి మీ ఆటో పేజీలో దీనికి కాస్త చోటివ్వండి, టెస్టు అయ్యాక ఇచ్చే కాగితం ఎలా చదవాలో కూడా ఎవరైనా మంచి మెకానిక్ చేత రాయించండి. పాసైనా సరే త్వరలో మార్చుకోమని అందులో రాసినవేవైనా ఉంటే, ఆ కాగితం బండిలోనే ఉంచుకుని వచ్చేసారి చూసుకోవడం వాటి దగ్గర్నుంచే మొదలుపెట్టొచ్చు.

ఇట్లు,
మీ పాఠకుడు