డంజన్స్ అండ్ డ్రాగన్స్ కొనేముందు కవచాల పేజీ చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరం ఒక పాత్రగా మారి, డైస్ వేస్తూ కథ నడిపే ఆట) గురించి రాసారు, చాలా సంతోషం, మన పేపర్లలో ఈ ఆట పేరు కనపడ్డమే అరుదు. కానీ అందులో పాత పుస్తకం దొరికినా పర్లేదు ఆట ఒకటే అన్నారు చూడండి, అక్కడే వస్తుంది చిక్కు. మా గ్యాంగ్‌లో ఒకడు ఇలాగే అనుకుని సెకండ్ హ్యాండ్‌లో ఈ ఆట కొత్తగా మొదలెట్టేవాళ్ళ కోసం వేసిన ఎర్ర డబ్బా ఒకటి కొన్నాడు, 1983 నాటిదని మురిసిపోయాడు, తీరా తెరిస్తే 2010లో అదే బొమ్మతో మళ్ళీ వేసిన డబ్బా, లోపల ఉన్నవి నాలుగో ఎడిషన్ రూల్స్!

అసలు నంబర్లే గందరగోళం. 1974లో ఒక్క ఆటగా మొదలైంది, 1977 నుంచి బేసిక్ అని ఒకటి, అడ్వాన్స్‌డ్ అని ఇంకోటి, రెండు దారులయ్యాయి. 1989లో వచ్చిన సెకండ్ ఎడిషన్ ఆ అడ్వాన్స్‌డ్‌కి రెండోది, బేసిక్‌కి కాదు. 2000లో థర్డ్ ఎడిషన్ వచ్చినప్పుడు అడ్వాన్స్‌డ్ అన్న మాటే తీసేసారు.

అందుకే నేను అట్ట చూడను, రూల్స్ పుస్తకంలో కవచాల పేజీ తీస్తా, ఏ కవచం ఎంత గట్టిదో అక్కడ అంకెల్లో ఉంటుంది. ప్లేట్ మెయిల్ (ఇనుప రేకుల కవచం) ఎదురుగా 3 అని ఉంటే 2000కి ముందుది, అప్పట్లో అంకె తగ్గేకొద్దీ కవచం గట్టిదన్నమాట. ఒంటిమీద ఏమీ లేకపోతే 10 అంటే అడ్వాన్స్‌డ్, 9 అంటే బేసిక్. సెకండ్ ఎడిషన్‌లో అయితే థాకో (కవచం అంకె 0 ఉన్నవాడికి దెబ్బ తగలాలంటే డైస్ మీద ఎంత పడాలో) అనే లెక్క కూడా ఉంటుంది, మన థాకో 18, ఎదుటోడి కవచం 3 అయితే డైస్ మీద 15 లేదా అంతకన్నా ఎక్కువ పడాలి, ఈ తీసివేతలతోనే మా శనివారాలు సగం అయిపోయేవి. థర్డ్ నుంచి అంకె పెరిగేకొద్దీ మంచిది. థర్డ్‌నే సవరించి వేసిన 3.5 అయితే అట్ట మీదే రాసుంటుంది, గొడవ లేదు. పవర్స్‌ని ఎట్-విల్, ఎన్‌కౌంటర్, డైలీ అని (ఎప్పుడైనా, పోరాటానికోసారి, రోజుకోసారి వాడగల విద్యలు) విడగొడితే అది 2008 నాటి నాలుగోది (అందరూ తిడతారు గానీ ఫైటింగ్ మాత్రం దాంట్లోనే బాగుంటుంది).

ఇప్పుడు షాపుల్లో అసలు తికమక 2014, 2024 పుస్తకాలతో. రెండిట్లోనూ ప్లేట్ అంటే 18, రెండిట్లోనూ అడ్వాంటేజ్ ఉంటే రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవడమే. క్యారెక్టర్ తయారుచేసే చోట దాని జాతికి రేస్ అని ఉంటే 2014ది, స్పీషీస్ అని ఉంటే 2024ది.

వచ్చే వారం చిన్న సవరణ వేస్తే ఇంకొకడు ఎర్ర డబ్బా కొనకుండా ఉంటాడు. మావాడిది ఇప్పుడు డైస్ దాచుకోడానికి పనికొస్తోంది లెండి.

ఇట్లు,
మీ పాఠకుడు, కూకట్‌పల్లి