ఆనా కీవ్ బిడ్డ, ఆ ఊరి పేరు తీసేయకండి

సంపాదకుడి గారికి,

నమస్కారం. పదకొండో శతాబ్దంలో ఫ్రాన్స్‌కు రాణి అయిన ‘రష్యా రాకుమారి’ ఆనా గురించి గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఆమె గురించి తెలుగులో రాసేవాళ్ళు ఉన్నందుకు ముందు సంతోషం వేసింది. చదవడం అయ్యాక మాత్రం మనసు చివుక్కుమంది. అంత వ్యాసంలో కీవ్ అన్న పేరు ఒక్కసారి కూడా రాలేదు. ఇది అచ్చుతప్పు లాంటిది కాదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అమ్మాయి కీవ్‌లో మెడిసిన్ చదువుతుండగా 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైంది. ట్రెయిన్‌లో నిలబడి హంగరీ సరిహద్దు దాకా వచ్చి, బుడాపెస్ట్‌లో విమానం ఎక్కి ఇల్లు చేరింది. ఆ వారం రోజులు మా ఇంట్లో ఎంత టెన్షన్ పడ్డామో, పిల్లల్ని అక్కడికి పంపిన తెలుగు తల్లిదండ్రులందరికీ తెలుసు. దాని పర్సులో మిగిలిన ఉక్రెయిన్ డబ్బు, రెండు హ్రివ్నాల నాణెం ఒకటి ఇప్పుడు మా దేవుడి అలమరలో ఉంది. నాణెం మీద ఉన్న ముఖం ఒకప్పటి కీవ్ రాజు యారొస్లావ్‌ది. ప్రజలు ఆయన్ని ‘జ్ఞాని’ అని పిలుచుకున్నారు. ఆనా ఆయన కూతురే.

అమ్మాయి అక్కడ చేరిన కొత్తలో సెయింట్ సోఫియా చర్చిలో తీసిన ఫోటో ఒకటి పంపింది. గోడ మీద నలుగురు ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉంటారు. బారెడు అంగీలు, చేతుల్లో కొవ్వొత్తులు, పెద్ద పెద్ద కళ్ళు. రంగు చాలా చోట్ల వెలిసిపోయింది. “అమ్మా, వీళ్ళు యారొస్లావ్ కూతుళ్ళని ఇక్కడ అందరూ చెబుతారు, అందులో ఒకామె ఫ్రాన్స్ రాణి” అని కింద రాసింది. ఆమె కథ వెతుక్కుని చదవడం నేను అప్పుడే మొదలుపెట్టాను.

ఆ ఇంటి ఆడపిల్లలు నడిచిన దూరాలు తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. వాళ్ళ అమ్మ ఇంగెగెర్డ్ స్వీడన్ రాజు కూతురు. ఎలిజబెత్ నార్వే రాజు హరాల్డ్‌ను పెళ్ళాడింది. అనస్తాసియా హంగరీ రాజు ఆండ్రూకు భార్య అయింది. ఆనా కోసం ఫ్రాన్స్ రాజు మొదటి హెన్రీ ఏకంగా బిషప్పుల్నే రాయబారం పంపాడు. అంత దూరం ఎందుకంటే, ఏడు తరాల లోపు చుట్టరికం ఉన్న పెళ్ళి చెల్లదని ఆనాటి చర్చి పట్టుపట్టేది. చుట్టుపక్కల రాజవంశాలన్నీ అప్పటికే ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. భార్య చనిపోయి, వారసుడు లేక దిగులుపడుతున్న హెన్రీకి ఏ పేచీ లేని సంబంధం కీవ్‌లో దొరికింది. 1051లో రాన్స్ నగరంలో వాళ్ళ పెళ్ళయింది.

వ్యాసంలో ఇదంతా నాలుగు వాక్యాల్లో తేల్చేసి, ఆనా తండ్రికి రాసిందని చెప్పే ఉత్తరాన్ని మాత్రం పెద్ద అక్షరాల్లో వేశారు. “నన్ను ఎంత మోటు దేశానికి పంపావు నాన్నా, ఇళ్ళు చీకటి కొట్లు, చర్చిలు వికారంగా ఉన్నాయి” అనే ఆ ఉత్తరం వాట్సాప్‌లో నాకూ చాలాసార్లు వచ్చింది. అలాంటి ఉత్తరం ఆ కాలపు కాగితాల్లో ఎక్కడా లేదు. ఫ్రాన్స్ రాజులు ప్రమాణం చేసేవారని చెప్పుకునే సువార్త గ్రంథాన్ని ఆమే పుట్టింటి నుంచి తెచ్చిందన్న మాటకూ ఆధారం లేదు. ఆ గ్రంథంలో పెద్ద భాగం 1395 నాటి రాత. అది ఆనా పోయి మూడు వందల ఏళ్ళు దాటాక రాసింది.

నిజంగా మిగిలింది వేరే ఉంది, అది ఈ కట్టుకథల కన్నా ఎంతో గొప్పది. 1063లో స్వాసోన్ మఠానికి ఇచ్చిన దానపత్రం ఒకటి పారిస్ జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. పత్రమంతా లాటిన్. దాని మీద ఒక చోట సిరిలిక్ లిపిలో ఎనిమిది అక్షరాలు: ‘అనా రెయినా’. ఆనా రాణి అని. మాటేమో ఫ్రాన్స్‌లో చెవిన పడింది, లిపేమో కీవ్‌లో నేర్చింది. పెళ్ళయి పన్నెండేళ్ళు గడిచాక, చుట్టూ ఒక్కరు కూడా చదవలేని లిపిలో ఆమె పేరు అక్కడ నిలిచింది. ఫోన్‌లో ఆ ఫోటోను పెద్దది చేసి ఒక్కో అక్షరం చూస్తుంటే నా కళ్ళు చెమర్చాయి. పరాయి ఊళ్ళో హాస్టల్ గది తలుపు మీద తన పేరు తెలుగులో రాసి అంటించుకున్న మా అమ్మాయే గుర్తొచ్చింది.

ఆమె జీవితం పూలబాటేమీ కాదు. పెద్ద కొడుక్కి ఫిలిప్ అని పేరు పెట్టారు. అప్పటిదాకా ఫ్రాన్స్ రాజుల ఇంట లేని గ్రీకు పేరు అది. తర్వాత ఆ పేరుతోనే ఫ్రాన్స్‌కు మరో ఐదుగురు రాజులు వచ్చారు. 1060లో హెన్రీ పోయేనాటికి ఫిలిప్‌కు నిండా తొమ్మిదేళ్ళు లేవు. పిల్లవాడి తరఫున రాజ్యం చూసే బాధ్యత ఫ్లాండర్స్ ప్రభువు బాల్డ్విన్‌ది. కానీ ఆ రోజుల్లోని రాజపత్రాల్లో కొడుకు పేరు పక్కనే తల్లి పేరూ కనపడుతుంది. అప్పుడే ఆమె రౌల్ అనే ప్రభువును పెళ్ళాడింది. ఆయనకు భార్య ఉంది, ఆమెను వదిలేశాడు. ఆ భార్య పోప్ దగ్గర మొరపెట్టుకుంది. మా రాణి చేసుకున్న పెళ్ళి కుర్ర రాజుకు చాలా బాధ కలిగించిందని రాన్స్ ఆర్చిబిషప్ కూడా పోప్‌కు రాశాడు. ఆనాను దేవతను చేయాలని నాకు లేదు, వదిలేసిన ఆ భార్య మీదా నాకు జాలే. ఫ్రాన్స్‌లోని సాన్లిస్‌లో 1065లో ఆనా కట్టించిన సెయింట్ విన్సెంట్ మఠం గురించి రాసినప్పుడు ఈ సంగతీ రాయాలి. ఆమె పేరున్న చివరి పత్రం 1075 నాటిది. సమాధి ఎక్కడో ఇప్పటికీ తేలలేదు.

ఇక పేరు సంగతి. ఆనా పుట్టింటి రాజ్యం పేరు రుస్, దాని రాజధాని కీవ్. మాస్కో అన్న ఊరి పేరు చరిత్ర గ్రంథాల్లో మొదటిసారి వినపడేది 1147లో. అంటే ఆనా చివరి పత్రానికి 72 ఏళ్ళ తర్వాత. రుస్‌లో నొవ్‌గొరద్ లాంటి ఉత్తరపు నగరాలూ ఉండేవి. కాబట్టి ఆ వారసత్వంలో రష్యన్లకూ వాటా ఉంది, బెలారస్ వాళ్ళకూ ఉంది. అది కాదనడం నా ఉద్దేశం కాదు. కానీ ‘రష్యా రాకుమారి’ అనేసి ఊరుకుంటే చదివేవాళ్ళకు గుర్తొచ్చేది మాస్కో, క్రెమ్లిన్. ఆమె పెరిగిన ఊరు ఆమె కథలోంచే మాయమైపోతుంది.

మనకీ అలవాటు ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. మా తరం రష్యా అన్న మాటను ప్రేమగా నేర్చుకుంది. విశాలాంధ్ర పుస్తకాల షాపులో రెండు మూడు రూపాయలకు కొనుక్కున్న మాస్కో అచ్చు బొమ్మల పుస్తకాలు మా ఇంట్లో ఇంకా ఉన్నాయి. సోవియట్ దేశంలో ఏ మూల నుంచి వచ్చిన కథైనా మాకు రష్యా కథే. ఆ ప్రేమ నాకు ఈరోజుకీ తగ్గలేదు. కానీ సోవియట్ యూనియన్ 1991లోనే విడిపోయింది. ‘రష్యా’ అన్న మాట మాత్రం మన పత్రికల్లో, పోటీ పరీక్షల గైడ్లలో అలాగే ఉండిపోయింది.

ఇంత చిన్న మాట మీద ఇంత పట్టుదల దేనికని మీరనుకోవచ్చు. 2017 మేలో వెర్సాయ్‌లో ఫ్రాన్స్ అధ్యక్షుడి పక్కన నిలబడి పుతిన్ ఆమెను ‘రష్యా ఆనా’ అన్నారు. ఉక్రెయిన్‌లో పెద్ద దుమారం లేచింది. ఫ్రాన్స్‌లో శిక్షణ తీసుకున్న ఉక్రెయిన్ దళం ఒకటి 2024 నుంచి ‘కీవ్ ఆనా’ పేరు పెట్టుకుని ఉంది. సాన్లిస్‌లో ఆమె విగ్రహం పీఠం మీద ‘రష్యా ఆనా’ అని ఉండేదాన్ని 1990లలోనే ‘కీవ్ ఆనా’ అని మార్చారు. మా అమ్మాయి ఫోటో తీసిన సోఫియా చర్చి 2023 నుంచి యునెస్కో ప్రమాద జాబితాలో ఉంది, 2025 జూన్‌లో బాంబు దాడుల అదురుకు దాని గోడ పైఅంచు దెబ్బతింది. యుద్ధం ఆ గోడల దాకా వచ్చిన రోజుల్లో ఆ ఊరి పేరు మనం వదిలేస్తే, తెలియకుండానే ఒక పక్షం మాట మోసినట్టు అవుతుంది.

నేను అడిగేవి రెండే. వచ్చే ఆదివారం అదే పేజీలో ఆమె కీవ్ రాకుమారి అని, ఆ ఉత్తరానికి ఆధారం లేదని ఒక సవరణ వేయండి. వీలైతే దాని పక్కన, కల్పించిన రాణి బొమ్మకు బదులు, 1063 నాటి పత్రం మీది ఆ ఎనిమిది అక్షరాల ఫోటో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గుంటూరు