మీరు విప్పని కవరు: నా టెలిస్కోప్ గురించి ఐదో లేఖ

మదనపల్లె,
3 మార్చి 2025.

కస్టమర్ సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: గత సెప్టెంబరులో మీ దగ్గర కొన్న 80 మిల్లీమీటర్ల రిఫ్రాక్టర్ (కటకాలతో పని చేసే) టెలిస్కోప్, దానికి మించి మీ వాళ్లు నాతో నడుచుకున్న తీరు.

అయ్యా,

నేను ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్‌ని. మీ కంపెనీకి ఇంతకుముందు నాలుగు ఉత్తరాలు రాశాను. మూడింటికి జవాబు రాలేదు. నాలుగోది అసలు ఎవరూ విప్పలేదు. అలా అనుకోవడం కాదు, ఆ కవరు నా బల్ల మీదే ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు టెలిస్కోప్ సంగతి. ట్యూబ్‌ను పైకి తిప్పితే కెమెరా బరువుకు ఫోకసర్, అంటే ఫోకస్ సరిచేసే భాగం, నిలవడం లేదు. లాక్ స్క్రూ ఎంత బిగించినా, కెమెరా తగిలించే లోపలి గొట్టం, డ్రా ట్యూబ్, మెల్లగా కిందికి జారుతుంది. సూది మొనలా ఉన్న నక్షత్రం పది నిమిషాల్లో ఉబ్బి మసకబారుతుంది. ఇలాంటి టెలిస్కోప్‌లో ఫోకస్ మిల్లీమీటరులో పదో వంతు తప్పినా ఫొటోలో తెలిసిపోతుంది. నాది గంటలో రెండు మిల్లీమీటర్లు జారుతోంది. లోపం ఇదొక్కటే. తయారీలో ఇలాంటివి జరుగుతాయని నాకు తెలుసు, ఒక్క స్క్రూ కోసం ఇన్ని ఉత్తరాలు రాసే మనిషిని కాదు. నాకు కోపం వచ్చింది స్క్రూ మీద కాదు.

కొన్నది సెప్టెంబరులో. వానలు తెరిపిచ్చి ఆకాశం కనబడేసరికి అక్టోబరు చివరి వారం వచ్చింది. అప్పుడు సూర్యుడు కుంకగానే పడమట సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క కనబడుతోంది. మళ్లీ మన జన్మలో రాని తోకచుక్క అది. దాని కోసమే పీఎఫ్ లోన్ తీసి మరీ ఈ టెలిస్కోప్ కొన్నాను. హార్స్‌లీ హిల్స్ మీదికి నాలుగు సాయంత్రాలు వెళ్లాను. బ్యాటరీలు మోయడానికి మా ఆయన తోడు వచ్చారు. నాలుగు రోజులూ ఫోకస్ చెడిపోతూనే ఉంది. చలికి లోహం ముడుచుకుంటోందేమో, నేనే సరిగా బిగించలేదేమో అనుకుని తప్పు నా మీదే వేసుకున్నాను. అక్టోబరు 28న గానీ మీకు ఫోన్ చేయలేదు.

ఆ రోజు ఫోన్ ఎత్తిన అబ్బాయి నేను చెప్పిందంతా విని, "మేడమ్, ముందు మూత తీశారా?" అని అడిగాడు. తీశానన్నాను. "పగటి పూట చెట్టును చూడండి, కనబడితే టెలిస్కోప్ బాగున్నట్టే" అన్నాడు. టికెట్ నంబరు ఇచ్చాడు. రెండో రోజు పొద్దున "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. ఎవరు పరిష్కరించారు? ఏం చేశారు? నాకు తెలియకుండా నా సమస్య ఎలా తీరింది?

మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి ఇంకొకాయన. నేను ఫోకసర్ అనగానే, "ఇంట్లో సార్ ఉంటే ఒకసారి ఫోన్ ఇస్తారా మేడమ్, టెక్నికల్ విషయం కదా" అన్నారు. నేను ఇరవై రెండేళ్లుగా పిల్లలకు కటకాలు, దర్పణాలు పాఠం చెబుతున్నాను. ఆ టెలిస్కోప్ కొన్నది నేను, వాడేది నేను, బిల్లు మీద ఉన్నది నా పేరు. పక్కనే ఉన్న మా ఆయన ఆ మాట విని ఫోన్ తీసుకుని, "నాకు దాని గురించి ఏమీ తెలియదండీ, తెలిసింది ఆమెకే, ఆమెతోనే మాట్లాడండి" అని నాకు తిరిగి ఇచ్చారు. నేను హలో అనేసరికి లైన్ కట్ అయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మూడో వ్యక్తి అది మౌంట్ (నక్షత్రాల వెంట టెలిస్కోప్‌ను తిప్పే స్టాండు) సమస్య అని తేల్చేసింది. మౌంట్ మీది కాదు కాబట్టి ఆ కంపెనీనే అడగమంది. అడిగాను. వాళ్లకు నాతో ఏ సంబంధమూ లేకపోయినా నా ఫొటోలు తెప్పించుకుని మర్నాడే జవాబు రాశారు. "మౌంట్ సరిగా తిరగకపోతే నక్షత్రాలన్నీ ఒకే దిక్కుకు గీతల్లా సాగుతాయి, మీ ఫొటోల్లో అవి గుండ్రంగానే ఉండి ఉబ్బుతున్నాయి, ఇది ఫోకస్ జారడమే" అని వివరంగా చెప్పారు. ఆ ఈమెయిల్‌ను అలాగే మీకు పంపాను. మీ నుంచి ఉలుకూ పలుకూ లేదు.

నాలుగో వ్యక్తికి కెమెరా మీద అనుమానం వచ్చింది. మా ఊళ్లో పెళ్లిళ్లకు ఫొటోలు తీసే అబ్బాయిని బతిమాలి అతని కెమెరా ఒక రాత్రికి తెచ్చుకున్నాను. పెళ్లిళ్ల సీజన్‌లో అది అతని కూడు పెట్టే వస్తువు. ఆ కెమెరాతోనూ అదే తీరు. అంతటితో ఆగక ఇంకో పరీక్ష చేశాను. టెలిస్కోప్ ముందు బాహ్తినోవ్ మాస్క్ (ఫోకస్ కుదిరిందో లేదో మూడు వెలుగు గీతలతో చూపే చీలికల మూత) పెట్టి మధ్య గీత సరిగ్గా నడిమికి వచ్చేలా ఫోకస్ చేసి, ట్యూబ్‌ను నేలకు సమాంతరంగా ఉంచి గంట ఆగాను. గీత కదల్లేదు. చలికి జరిగేదైతే అప్పుడూ కదలాలి. అదే రాత్రి ట్యూబ్‌ను నడినెత్తికి తిప్పాను. పది నిమిషాల్లో గీత పక్కకు పోయింది. డ్రా ట్యూబ్ మీద మీరే ముద్రించిన స్కేలు ఎనిమిది గంటలకు 42 చూపింది, తొమ్మిదికి 44 చూపింది. ఎవరూ ముట్టుకోలేదు. దీన్ని వీడియో తీసి, మీ వాళ్లు అడిగినట్టే వాట్సాప్‌లో పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. ఆ వీడియోకు జవాబుగా నవంబరు 19 నుంచి ఈ రోజు వరకు ఆ టిక్కులు తప్ప ఇంకేమీ లేవు.

మీరు రోజులు లెక్క పెట్టుకుంటారు. మాకు లెక్క అమావాస్యలతో. వెన్నెల లేని రాత్రులు నెలకు ఐదారు, అందులో మబ్బు లేనివి రెండో మూడో. జూన్ నుంచి అక్టోబరు దాకా మా రాయలసీమలో కూడా రాత్రిపూట ఆకాశాన్ని నమ్మడానికి లేదు. ఏడాదిలో మాకు బాగా పనికొచ్చేది నవంబరు నుంచి మార్చి వరకే. మీరు సరిగ్గా ఆ ఐదు నెలలు తినేశారు. నవంబరు 1, డిసెంబరు 1, డిసెంబరు 30, జనవరి 29, ఫిబ్రవరి 27: ఐదు అమావాస్యలు.

చివరికి టెలిస్కోప్‌ను సర్వీస్ సెంటర్‌కు పంపమన్నారు. డిసెంబరు 11న 2,350 రూపాయలు నా చేతి నుంచి పెట్టి పార్శిల్ చేశాను. లోపల ట్యూబ్ మీదే కనబడేలా ఒక కవరు అంటించాను. పైన ఎర్ర ఇంకుతో "పరీక్షించే ముందు దయచేసి ఇది చదవండి" అని రాశాను. లోపల రెండు పేజీల ఉత్తరం. పడుకోబెట్టి చూస్తే లోపం కనబడదని, కెమెరా తగిలించి నిటారుగా నిలబెట్టి గంట ఆగి స్కేలు చూడమని ప్రాధేయపడి రాశాను. వయసులో మీ టెక్నీషియన్ నా పాత విద్యార్థి అంత ఉంటాడేమో అనుకుంటూ, పిల్లలకు ప్రయోగం వివరించినట్టు బొమ్మ కూడా గీశాను.

నలభై ఒక్క రోజుల తర్వాత, జనవరి 21న పెట్టె తిరిగి వచ్చింది. "ఏ లోపమూ కనబడలేదు" అని ఒక చీటీ, కింద పొట్టి సంతకం. దాని పక్కనే నా కవరు. నేను అంటించిన చోటే, అంటించినట్టే ఉంది. జిగురు కూడా ఊడలేదు. జనవరి అమావాస్యకు మళ్లీ పరీక్షించాను. ఈసారి మూడు మిల్లీమీటర్లు జారింది.

ఆ కవరు చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఇది రాయడానికి నాకేమీ సిగ్గు లేదు. మీరు నా టెలిస్కోప్‌ను పరీక్షించి బాగు చేయలేకపోయి ఉంటే నేను అర్థం చేసుకునేదాన్ని. మీరు అసలు చదవనే లేదు.

ఫిబ్రవరి మొదటి వారంలో "మా సర్వీసుకు ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేయండి" అని మెసేజ్ పంపారు. ఒకటి వేశాను. పది నిమిషాలు తిరక్కుండా ఫోన్ వచ్చింది. నాలుగు నెలల్లో మీ కంపెనీ తనంతట తాను నాకు చేసిన ఒకే ఒక్క ఫోన్ అది. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, "మేడమ్, దయచేసి ఆ ఒకటిని ఐదు చేయగలరా, లేకపోతే మాకు ఇబ్బంది" అంది. టెలిస్కోప్ గురించి అడిగితే తనది ఆ విభాగం కాదంది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఆమెతో అలా ఫోన్ చేయించిన వాళ్ల మీద ఉంది.

నేను మీకు కొత్త కస్టమర్‌ని కాను. 2016లో మీ దగ్గరే 70 మిల్లీమీటర్ల చిన్న టెలిస్కోప్ కొన్నాను. మొన్న శివరాత్రి జాగారానికి గుడి మైదానంలో పిల్లలకు శుక్రుణ్ణి, గురుగ్రహాన్ని చూపించింది దానితోనే. అది నేటికీ బంగారంలా పని చేస్తోంది. దాన్ని చూసి, నా మాట మీద మా ఊళ్లోనే మరో రెండు స్కూళ్లు మీ దగ్గర కొన్నాయి. వాళ్లకు మీ పేరు చెప్పింది నేను. ఇప్పుడు ఆ హెడ్‌మాస్టర్లు కనబడి కొత్త టెలిస్కోప్ ఎలా ఉందని అడిగితే నేనేం చెప్పాలి?

ఆ జాగారం రాత్రి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె కృత్తికలను చూసి, "ఆరేనా టీచర్, ఇంకా ఉన్నాయా?" అని అడిగింది. కంటికి ఆరే. గంటల తరబడి ఎక్స్‌పోజర్లు పేర్చి ఫొటో తీస్తే వందల నక్షత్రాలు, వాటిని చుట్టుకుని నీలం రంగు ధూళి కనబడతాయి. ఆ వెలుగు మన దాకా రావడానికి సుమారు 440 ఏళ్లు పట్టింది. తళ్లికోట యుద్ధం చూసిన తరం బతికుండగా బయలుదేరిన వెలుగు. ఆ ఫొటో నా చేత్తో తీసి తరగతి గోడకు అంటించాలని ఐదు నెలలుగా అనుకుంటున్నాను. ఈ మార్చి దాటితే కృత్తికలు సాయంత్రమే పడమటికి దిగిపోతాయి. మళ్లీ వచ్చే కార్తీకం దాకా ఆగాలి. అప్పటికి ఆ పిల్ల పదో తరగతి పరీక్షల హడావిడిలో ఉంటుంది.

నాకు కావలసింది ఇది. టెలిస్కోప్ గురించి తెలిసిన మనిషి ఒక్కరు నాతో మాట్లాడాలి. ఫోకసర్ మార్చి ఇవ్వాలి, రానూపోనూ పార్శిల్ ఖర్చు మీరే పెట్టుకోవాలి. మార్చలేకపోతే టెలిస్కోప్ వెనక్కి తీసుకుని లక్షా పద్దెనిమిది వేలు తిరిగి ఇవ్వాలి. ఆ "ఏ లోపమూ కనబడలేదు" చీటీ ఏ పరీక్ష చేసి రాశారో లిఖితపూర్వకంగా చెప్పాలి. మూడింటిలో నాకు ముఖ్యమైనది ఈ చివరిదే.

మార్చి 18 వరకు చూస్తాను. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను, మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే చోటే కేసు వేసుకోవచ్చు, ఐదు లక్షల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదు. లాయర్ అక్కర్లేదు, నేనే మాట్లాడతాను. నవంబరు నుంచి ప్రతి ఫోన్ తేదీ, టైమూ నోటు బుక్కులో రాసి పెట్టుకున్నాను.

ఫోన్ చేస్తే సాయంత్రం ఏడు దాటాక చేయండి, పగలు క్లాసులో ఉంటాను. ఇంట్లో సార్‌ను అడగవద్దు.

ఇట్లు,
ఫిజికల్ సైన్స్ టీచర్,
మదనపల్లె.

జత: బిల్లు కాపీ, ఐదు టికెట్ నంబర్లు, స్కేలు ఫొటోలు, డిసెంబరులో మీకు పంపిన కవరు. అది ఇంకా అంటించే ఉంది.