చిన్నికి యాస నేర్పించే ముందు

గ్లాస్గో,
నవంబరు 9.

రమణా,

నీ ఉత్తరం అంది నాలుగు రోజులైంది. ఫోనులో పది నిమిషాల్లో తేలిపోయే సంగతే అయినా, నువ్వు ఆరు పేజీలు చేత్తో రాశావు కనుక నేనూ తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. చిన్నికి ఇక్కడి విశ్వవిద్యాలయంలో సీటు వచ్చిందన్న కబురు వినగానే నీ చెల్లెలు సేమ్యా పాయసం వండింది. జనవరి మొదటి వారానికల్లా ముందు గది ఖాళీ చేసి ఉంచుతాము. హాస్టల్ దొరికేదాకా అది చిన్నిదే. ఈ విషయంలో నువ్వు మొహమాటపడితే నాకు కోపం వస్తుంది.

నీ ఉత్తరంలో మూడో పేజీ దగ్గర ఆగిపోయాను. యాస మార్చే క్లాసుకు రోజూ రెండు గంటలు పంపిస్తున్నానని రాశావు. 'నీ ఇంగ్లీషు నిండా తెలుగే వినిపిస్తోంది' అని అక్కడి మాస్టారు అందరి ముందూ అన్నారనీ, ఆ రోజు నుంచి పిల్ల ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడాలన్నా ముందు కాగితం మీద రాసుకుంటోందనీ రాశావు. పదో తరగతిలో వక్తృత్వ పోటీలో కప్పు తెచ్చిన పిల్ల! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేనూ ఆ దారిన వచ్చినవాణ్ణే. మొదటి ఉద్యోగంలో అమెరికావాళ్ళతో ఫోనులో మాట్లాడాలి కదా, దాని కోసం హైదరాబాదులో ఆరు వారాలు నా నాలుకను సాపు చేశారు. ఆ ధైర్యంతోనే ఇక్కడ విమానం దిగి బస్సెక్కాను. డ్రైవరు ఏదో అడిగాడు. అర్థం కాలేదు. మళ్ళీ అడిగాడు, మూడోసారీ అడిగాడు, పాపం ఎంతో ఓపికగా. 'సి-ఈ సెన్-అర్?' అన్నట్టు వినిపించింది. చివరికి చెయ్యెత్తి ఊరి వైపు చూపించాడు. అప్పుడు వెలిగింది: అతడు అడుగుతున్నది సిటీ సెంటరుకా అని! రెండు మాటల్లోనూ ట అనే అక్షరం నాలుక దాకా రాలేదు. గొంతులోనే చిన్న అడ్డు పడి, మాట తెగి మళ్ళీ అతుక్కుంటుంది. ఈ ఊళ్ళో వాటర్ అడిగినా, బటర్ అడిగినా ఆ ట గొంతులోనే ఆగుతుంది. ఎలా పలకాలో ఆరు వారాలు నేర్పినవాళ్ళు, ఎలా వినాలో ఒక్క పూట కూడా నేర్పలేదని నాకు ఆ బస్సులో తెలిసింది.

అసలు విశేషం తర్వాత మెల్లమెల్లగా తెలిసింది. మా మెట్ల దారిలో కింది వాటాలో ఒక పెద్దాయన ఉంటారు. క్లైడ్ నది ఒడ్డున ఓడలు కట్టే యార్డులో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యారు. పరిచయమైన రోజున ఆయన నన్ను 'వేర్ డూ యూ స్టే?' అని అడిగారు. మనం అడిగేది అచ్చం అలాగే కదా! 'స్టే అంటే హోటల్లో దిగడం, కాపురం ఉండటానికి లివ్ అనాలి' అని చిన్నప్పుడు మనకు ఎర్రసిరాతో దిద్దారు. స్కాట్లండ్ జనం తరతరాలుగా కాపురానికీ స్టే అనే అంటున్నారు. ఇంకొకటి విను. మబ్బు పట్టినప్పుడు ఆయన వాన వస్తుందని 'డౌట్' అంటారు. లండన్ మనిషి వింటే వాన రాదని అర్థం చేసుకుంటాడు. ఈయన ఉద్దేశం మాత్రం వచ్చేలా ఉందని. 'వాన పడుతుందేమోనని అనుమానంగా ఉంది' అని మీ అమ్మగారు అంటే మనకెలా అర్థమవుతుందో, సరిగ్గా అలాగే.

పలుకుబడి సంగతి మరీ ఆశ్చర్యం. లండన్ వైపు 'గో' అన్న మాటను 'గఉ' అన్నట్టు సాగదీస్తారు, 'డే'ను 'డెయ్' అంటారు. ఇక్కడివాళ్ళు శుభ్రంగా గో అంటారు, డే అంటారు, మనలాగే. తాత్కాలికపు మంచానికీ, పట్టుబడ్డాడు అనడానికీ మనం తెలుగు లిపిలో 'కాట్' అనే రాస్తాము, ఒకేలా పలుకుతాము. వీళ్ళకూ ఆ రెంటికీ తేడా లేదు. ఈతకొలను అనే 'పూల్'కూ, లాగడం అనే 'పుల్'కూ కూడా ఒకే అచ్చు. ఇక ర సంగతి చెప్పనే అక్కర్లేదు. కార్, ఫార్మ్, వర్డ్ అన్నప్పుడు ఇక్కడ ర స్పష్టంగా వినిపిస్తుంది, కొందరి నోట మన ర లాగే నాలుక కొన తాటించి మరీ. నాకు అంటగట్టిన తప్పుల్లో సగం ఈ ఊరి పెద్దల నోట రోజూ వింటున్నాను రమణా.

ఈ ర కథ కాస్త వివరంగా రాయాలి, చిన్నికి చదివి వినిపించు. ఒకప్పుడు ఇంగ్లండంతా ర పలికేది. పద్దెనిమిదో శతాబ్దం చివరికి లండన్‌లో అది పలచబడింది. 1791లో ఉచ్చారణ నిఘంటువు రాసిన జాన్ వాకర్ ఆ సంగతి గుర్తించి రాశాడు. పోను పోను అక్కడ ర మింగడమే గొప్పింటి మాట అయింది. అట్లాంటిక్ దాటి న్యూయార్క్ వెళ్ళు. 1962లో విలియం లబోవ్ అనే భాషాశాస్త్రవేత్త అక్కడ మూడు పెద్ద దుకాణాలు ఎంచుకున్నాడు: ఒకటి ఖరీదైనది, ఒకటి నడిమి తరగతిది, ఒకటి చవకది. నాలుగో అంతస్తులో దొరికే వస్తువేదో ముందే తెలుసుకుని, అది ఎక్కడుందని అక్కడి ఉద్యోగుల్ని అడిగేవాడు. జవాబు 'ఫోర్త్ ఫ్లోర్' అనే రావాలి. వినపడనట్టు నటించి మళ్ళీ చెప్పించుకునేవాడు, తర్వాత పక్కకు వెళ్ళి ర వినిపించిందా లేదా అని రాసుకునేవాడు. ఖరీదైన దుకాణంలో 62 శాతం మంది ఒక్కసారైనా ర పలికారు, నడిమి దుకాణంలో 51 శాతం, చవక దుకాణంలో 20 శాతమే. నడిమి దుకాణంవాళ్ళు రెండోసారి జాగ్రత్తగా చెప్పేటప్పుడు ర ఇంకా ఎక్కువ పలికారు. లండన్‌లో ర మింగితే దొర, న్యూయార్క్‌లో ర మింగితే బీద. అక్షరం అదే, దాని వెనక నిలబడ్డ మనుషులు వేరు. మరి చిన్ని మాస్టారు 'ఏ ముద్రా లేని ఇంగ్లీషు' నేర్పిస్తానంటున్నారే, అందులో ర ఉంటుందా, ఉండదా? ఒకసారి అడిగి చూడు.

ఇలాంటి క్లాసులు మన ఊళ్ళో కొత్తగా పుట్టినవి కూడా కావు. 1761లో ఇక్కడికి డెబ్బై అయిదు కిలోమీటర్ల దూరంలోని ఎడిన్‌బరోలో థామస్ షెరిడన్ అనే నటుడు మంచి ఇంగ్లీషు ఉచ్చారణ మీద ఉపన్యాసాలు ఇచ్చాడు. దాదాపు 300 మంది పెద్దమనుషులు కట్టకట్టుకుని వెళ్ళారు. తత్త్వవేత్తలకూ శాస్త్రజ్ఞులకూ పేరుపడిన నగరం అది. అంత చదువుకున్నవాళ్ళు తమ నోటి మాటకు సిగ్గుపడి వెళ్ళి కూర్చున్నారు. నేర్పినవాడు ఎవరనుకున్నావు? ఐర్లండ్ మనిషి! అంతకు తొమ్మిదేళ్ళ ముందే డేవిడ్ హ్యూమ్ అంతటి మేధావి, రాతలో రాకూడని స్కాట్ మాటల పట్టిక అచ్చు వేయించాడు. ఆయన నోట ఆ యాస చివరిదాకా పోలేదట. షెరిడన్ ఉపన్యాసాలు ఇస్తున్న నాటికి దక్షిణాన ఎయిర్ అనే ఊరి దగ్గర పల్లెలో రాబర్ట్ బర్న్స్ రెండేళ్ళ పసివాడు. పెద్దయ్యాక ఆ పట్టికలో ఏరిపారేసినటువంటి మాటలతోనే పద్యాలు రాసి 1786లో అచ్చు వేశాడు. ప్రతి జనవరి 25న ఈ దేశమంతా ఆయన పుట్టినరోజు విందు చేసుకుంటుంది. చిన్ని వచ్చిన మూడు వారాలకే ఆ పండగ చూస్తుంది.

ఇంకో ముచ్చట చెప్పకుండా ఉండలేను. బడి ఇంగ్లీషులో నువ్వు, మీరు రెండూ ఒకటే కదా. ఒక్కరినైనా పదిమందినైనా యూ అనాలి. ఈ ఊరివాళ్ళకు ఆ కొరత నచ్చలేదు. పదిమంది ఉంటే 'యూజ్' అంటారు. ఐర్లండ్ నుంచి వలస వచ్చినవాళ్ళ మాట అది. అమెరికా దక్షిణ రాష్ట్రాలవాళ్ళు 'యాల్' అని కల్పించుకున్నారు, పిట్స్‌బర్గ్‌వాళ్ళు 'యింజ్' అంటారు. వీటన్నిటికంటే నన్ను కదిలించినది పాపువా న్యూ గినీ మాట. అక్కడ ఇంగ్లీషు పదాలతో అల్లుకున్న టోక్ పిసిన్ అనే భాష ఉంది. అందులో ఎదుటివాణ్ణి కలుపుకుంటే 'యూమి', కలుపుకోకపోతే 'మిపెలా'. మన మనం, మేము! ఆ పేజీ చదివిన రోజున ఎక్కడో పసిఫిక్ దీవిలో చుట్టాలు దొరికినంత సంబరపడ్డాను. మనిషికి ఏ తేడా కావాలనిపిస్తే ఆ తేడాను భాషలోంచి పిండుకుంటాడు. దాన్ని చెడిపోయిన ఇంగ్లీషు అనడానికి నాకు నోరు రాదు.

అయితే చిన్నికి నేర్చుకునేది ఏమీ లేదని నేననను. అవతలివాళ్ళకు అర్థం కావడం ముఖ్యం. దానికి నాకు తెలిసినవి మూడు రాస్తాను.

మొదటిది ప. నేను ఇంగ్లండులో పనిచేసిన ఏడాది ఒక కార్యాలయంలో నా ఇంటిపేరు మొదటి అక్షరం పి అని చెబితే, కౌంటరు దగ్గర ఆమె బి అని రాసుకుంది. కార్డు తప్పుగా వచ్చింది, సరిచేయించుకోవడానికి రెండు నెలలు తిరిగాను. ఆమె పొరపాటూ కాదు, నా పొరపాటూ కాదని తర్వాత తెలిసింది. చిన్న కాగితం ముక్క పెదవుల ముందు పట్టుకుని 'పప్పు' అనమను. కాగితం కదలదు. ఇంగ్లండ్ మనిషి 'పిన్' అంటే కాగితం ఎగురుతుంది. మాట మొదట వచ్చే ప, ట, క లను వాళ్ళు గాలి వదిలి పలుకుతారు. ఆ గాలి లేకపోతే వాళ్ళ చెవికి బ లాగా వినిపిస్తుంది. చిన్నికి ఇది కొత్త విద్యేమీ కాదు. మన తెలుగు మాస్టారు 'ఫలం' అన్న మాటను పళ్ళు తగలకుండా పెదవులు మూసి పలికించేవారు, గుర్తుందా? 'పిన్' మొదట్లో ఆ ఒత్తు ప పెడితే చాలు. వాళ్ళే 'స్పిన్' అన్నప్పుడు ఆ గాలి ఉండదు, అది అచ్చంగా మన ప.

రెండోది ఊనిక. మనం అన్ని అక్షరాలకూ దాదాపు సమానంగా కాలం ఇస్తాము. ఇంగ్లీషులో ఒకచోట బరువు వేసి మిగతావి నలిపేస్తారు. 'ఫొటోగ్రాఫ్'లో బరువు మొదట పడుతుంది, 'ఫొటోగ్రఫీ'లో రెండో అక్షరం మీదకు జరుగుతుంది. బరువు తప్పుచోట పడితే అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నా మాట అందదు. ఆ రెండు గంటలూ దీని మీద పెట్టమను. మూడోది వ. చొక్కా లోపల వేసుకునే బనీనుకూ, పడమర దిక్కుకూ మనం ఒకే వతో 'వెస్ట్' అంటాము. పై పళ్ళు కింది పెదవికి ఆనిస్తే మొదటిది, పెదవులు సున్నా చుడితే రెండోది. ఒక పూట పని. నాలుక మడిచి పలికే మన ట, డ లను మాత్రం అలాగే ఉండనిమ్ము. వాటి వల్ల ఇక్కడ ఎవరికీ ఏ మాటా అర్థం కాకుండా పోలేదు.

మీ నాన్నగారు కూడా మొన్నంతా గుర్తుకొచ్చారు. 1950 నుంచి 1961 దాకా లీడ్స్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు హెరాల్డ్ ఆర్టన్ మనుషులు ఇంగ్లండులో 313 ఊళ్ళు తిరిగి, ముసలి రైతుల దగ్గర కూర్చుని 'దీన్ని మీరు ఏమంటారు, దాన్ని ఏమంటారు' అని అడిగి రాసుకున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన దగ్గర భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయ పదాలు సేకరింపజేశారు. ఆ పదాల సంపుటం 1962లో వచ్చింది. నాగలి భాగాల పేర్లు మీ నాన్నగారు గడగడా చెబుతుంటే మనం నోట్‌బుక్కులో రాసుకున్న వేసవి సెలవులు జ్ఞాపకం వచ్చాయి. ఆయన మాటను ఎవరైనా దిద్దబోతే నువ్వు ఊరుకునేవాడివా?

ఇక్కడ ఉదయం నుంచి ముసురు. ఇలాంటి రోజును కిందింటి పెద్దాయన 'డ్రీఖ్' అంటారు, చివరి ఖను గొంతులో గీరి మరీ. చిన్ని సంగతి చెబితే, పిల్ల వచ్చేదాకా వారం వారం తనతో మాట్లాడతానన్నారు. వచ్చే ఆదివారం ఇక్కడ మధ్యాహ్నం రెండింటికి, మీకు రాత్రి ఏడున్నరకు ఫోను చేస్తాను. ఆయన నా పక్కనే ఉంటారు. చిన్నిని కాగితం లేకుండా కూర్చోమను. మొదటి రోజు ఆయన మాట సగమే అందుతుంది, మళ్ళీ చెప్పమని అడగడానికి వెనకాడవద్దని చెప్పు. ఆయనకు గోదావరిలో పడవలు ఎలా కడతారో తెలుసుకోవాలని ఉందట. నీకూ ప్రశ్నలు ఉంటాయి, నువ్వూ పక్కనే ఉండు.

చెల్లెమ్మకు నమస్కారాలు చెప్పు. చిన్ని సూట్‌కేసులో చోటుంటే కిలో కంది పొడి పంపించు.

నీ
శేషు